చెమట ఆరేదాకా

జెనైదా ఆవిరి గుడారం జిప్పు నా మెడదాకా లాగేసింది, గడ్డం కింద తువ్వాలు దోపింది, ఊపిరాడుతోందా అక్కా అంది, ఆడుతోంది అన్నాను, ఇక నా చేతులు రెండూ లోపలే, కాళ్ళూ లోపలే, బయట ఉన్నది తలకాయ ఒక్కటే. ఇవాళ బుధవారం. నేను ఆవిరి పట్టించుకునేది మంగళవారం, శుక్రవారం. నిన్ననే పట్టించుకున్నాను. నిన్ననేగా అయింది, మళ్ళీ ఇవాళ ఎందుకే అంటే, అగ్నిపర్వతం మీంచి గాలి దిగుతోంది, మోకాళ్ళు పట్టేస్తాయి, మాట్లాడకుండా కూర్చో అంది. నా మోకాళ్ళ మీద అంత ప్రేమ బుధవారం నాడు ఎందుకు పుట్టుకొచ్చిందో నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. పొద్దున్న బీరువా మీద బూడిద తుడవబోతే జెనైదా బట్టల నీలం పెట్టె కనపడలేదు. పెట్టె ఉండాల్సిన చోట మరక లేని నలుచదరం ఒకటి ఉంది, చుట్టూరా కొండ కక్కిన సన్నటి బూడిద, మధ్యలో శుభ్రమైన చెక్క. దాన్ని చూసి, గుడ్డ మడిచి, వంటింట్లోకి వెళ్ళి చిక్కుడు గింజలు ఏరుతూ కూర్చున్నాను. గింజల్లో రాళ్ళేమీ లేవు. రెండుసార్లు ఏరాను. నా చెల్లెలు వెళ్ళిపోతోంది. నన్ను ఇందులో కూర్చోబెట్టి, నేను లేచి వెంట రాలేని ఈ అరగంటలో, నాకు చెప్పకుండా వెళ్ళిపోతోంది.

గడియారం ఎదురుగోడ మీదే ఉంది. పదకొండూ అయిదు. పదకొండూ ముప్ఫై అయిదుకి మిషను కూత పెట్టి దానంతటదే ఆగిపోతుంది. కుర్చీ వెనకాల ఆవిరి కుండ, కుండకి గొట్టం, గొట్టం చివరి చిల్లుల డబ్బాలో జెనైదా గుప్పెడు రోజ్‌మేరీ కొమ్మలు పెట్టింది, ఆ వాసన ముందు వచ్చి తరవాత వేడి వస్తుంది, ముందు పాదాలకి, తరవాత పిక్కలకి, తరవాత ఎక్కడినుంచో చెప్పలేని చోట నుంచి. ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ, చిన్నపిల్ల, గోళ్ళకి ఆకుపచ్చ రంగు, రోజూ నడవండి అంది. నడిస్తే మోకాలు నడవనివ్వదు తల్లీ అన్నాను. అయితే వేడిలో కూర్చోండి, వేడికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, గుండె షికారుకి వెళ్ళినట్టే కొట్టుకుంటుంది, మీరు కూర్చునే ఉంటారు, అది నడిచొస్తుంది అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ ఇవాళ అది నడవడం లేదు, ఎవరో తరుముతున్నట్టు పోతోంది. ఇంకా వేడి కూడా ఎక్కలేదు. మిషనుతో పాటు వచ్చిన చిన్న పుస్తకం నాకు నోటికి వచ్చు. నేను బడికి పోయినదాన్ని కాదు, ముప్ఫై రెండో ఏట ఇస్త్రీ దుకాణంలో, మడతపెట్టిన బట్టలు చుట్టే పాత పేపర్ల మీద అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను, అందుకే ఏ వార్తా నాకు చివరిదాకా తెలిసేది కాదు, కాగితం చిరిగిన చోట ఆగిపోయేది, బస్సు లోయలో పడిందని ఉండేది, ఎవరు బతికారో ఉండేది కాదు. అలా నేర్చుకున్నవాళ్ళకి అచ్చులో ఉన్నదంతా నిజమనే అనిపిస్తుంది. పుస్తకంలో పదకొండో మాట, లోపల కూర్చున్న మనిషిని ఒంటరిగా వదలరాదు. జెనైదాకి అది నేనే చదివి వినిపించాను. అది చదవడం నేర్చుకోలేదు, నువ్వున్నావుగా అంటుంది. నేనున్నానుగా. మరి రేపటినుంచి సముద్రం ఒడ్డున ఆ టుక్స్‌పాన్‌లో దానికి కరెంటు కాగితం ఎవరు చదివి పెడతారు, మందు చీటీ ఎవరు చదువుతారు, ఆయనగారా.

ఆయనగారు అంటే దొన్ ఫిదెన్సియో. ఈ గుడారం మా ఇంటికి తెచ్చినవాడు ఆయనే. తెల్ల వ్యానులో మిక్సీలూ, ఇస్త్రీ పెట్టెలూ, ఈ ఆవిరి గుడారాలూ వేసుకుని తిరుగుతాడు, అరవై తొమ్మిదేళ్ళు, భార్య పోయింది, మీసానికి నల్లరంగు వేస్తాడు కానీ కనుబొమలకి వెయ్యడం మరిచిపోతాడు. మొదటిసారి అమ్మడానికి వచ్చాడు. రెండోసారి ఎలా వాడాలో చూపించడానికి వచ్చాడు. మూడోసారి గొట్టం కారుతుందేమో చూసి పోదామని వచ్చాడు, గొట్టం కారడం లేదు. నాలుగోసారి ఏ సాకూ లేకుండా ఒక సంచీ నిండా రొయ్యలు పట్టుకొచ్చాడు. మా అక్క తలకాయని చూసి భయపడకండి, ఒంటితో సహా ఉంది, ఒళ్ళు లోపలుంది అని జెనైదా నన్ను చూపించి నవ్వింది, ఆయనా నవ్వాడు, నేను ఈ జిప్పులోనే ఉన్నాను అప్పుడు కూడా, నా ముక్కు మీద చెమట బొట్టు దిగుతోంది, తుడుచుకోవడానికి చేతుల్లేవు, వాళ్ళిద్దరూ వంటింట్లో రొయ్యలు ఒలుస్తున్నారు. అరవై ఏడేళ్ళ చెల్లెలు అలా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. మీ ఊళ్ళో చలికి పళ్ళు కొట్టుకుంటాయి, మాకు సముద్రమే దుప్పటి అన్నాడాయన. అక్కడ ఈ గుడారాలు ఎవరూ కొనరు దోన్యా ఓతిలియా, గుమ్మంలో కూర్చుంటే చాలు, ఊరంతా ఆవిరే. అందుకేనా మీరు ఇక్కడిదాకా వచ్చి మమ్మల్ని ఉడకబెడుతున్నారు అన్నాను. నవ్వాడు. మంచివాడే. మంచివాడు కావడమే నాకు కష్టంగా ఉంది, చెడ్డవాడైతే జెనైదాకి నాలుగు మాటలు చెప్పి ఉండేదాన్ని.

చప్పుడు. వంటింట్లో చెప్పుల చప్పుడు. జెనైదా చెప్పులు సాగదీస్తుంది, ఎడమకాలు కొంచెం ఎక్కువ, అరవై ఏళ్ళుగా వింటున్నాను. ఇప్పుడు వినపడుతున్నది టప టప మని కొడుతోంది. ఇది జెనైదా నడక కాదు. గిన్నె మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. మా గిన్నెల మూతలు తీసి చూసేది ఈ మూడంతస్తుల్లో ఒక్కతే, కింది వాటా చోలే. అంటే జెనైదా నన్ను ఒంటరిగా వదిలెయ్యలేదు. పదకొండో మాట మరిచిపోలేదు. కాపలా పెట్టి మరీ వెళ్ళింది.

"చోలే," అన్నాను. గట్టిగా అరవలేను, జిప్పు గొంతుకి ఆనుకుని ఉంది. "జెనా ఏదీ?"

"బజారుకెళ్ళింది తల్లీ. కొత్తిమీర కావాలని."

"ఇంట్లో రెండు కట్టలున్నాయి."

"వాడిపోయాయేమో మరి."

"పొద్దున్న తెచ్చినవి ఎలా వాడతాయి?"

"నన్నడిగితే నేనేం చెప్పను, నేనేమైనా కొత్తిమీరనా," అంది చోలే, గుమ్మంలోకి వచ్చి నిలబడి, నా మొహం కాకుండా గుడారాన్ని చూస్తూ. అబద్ధం ఆడేటప్పుడు అది ముంగురులు చెవి వెనక్కి నెట్టుకుంటుంది. రెండుసార్లు నెట్టుకుంది. "నువ్వు కళ్ళు మూసుకో ఓతిలియా. అలా గుడ్లు తెరుచుకుని చూస్తుంటే నాకు చర్చి పటంలో పళ్ళెం మీద పెట్టిన పునీతుడి తలకాయ గుర్తొస్తోంది."

పదకొండూ పన్నెండు. కళ్ళు మూసుకున్నాను. మూసుకోకూడదని తెలుసు, మూసుకుంటే ఊరు వస్తుంది. సియెర్రా కొండల్లో మా ఇంటి వెనక తెమస్కాల్, రాళ్ళూ మట్టీ కలిపి కట్టిన ఆవిరి గూడు, దూడ పట్టేంత గుమ్మం, లోపల నిలబడటానికి లేదు. ఈ గుడారంలో తలకాయ బయట ఉంటుంది, అందులో మనిషి మొత్తం లోపలే, చీకట్లోనే, పక్కన ఎవరున్నారో ఒంటి తడితోనే తెలియాలి. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జెనైదాకి రెండు, నా ఒళ్ళో కూర్చుంది, జారిపోతోంది, తడిసిన చేపలా ఉంది. అమ్మమ్మ నా వెనకాల. అమ్మ బయట. ఆ రోజు స్నానం చేయించింది అమ్మ, అంటే రాళ్ళు కాల్చింది అమ్మ, గుమ్మం దగ్గర కూర్చుని చెంబు పుచ్చుకుని రాళ్ళ మీద నీళ్ళు చల్లింది అమ్మ, ఇంకా చల్లనా, చాలా, అని అడిగింది అమ్మ. చాలు అన్నాను. గుమ్మానికి దుప్పటి దించేసింది. తరవాత చాలాసేపటికి వీధిలో లారీ ఆగిన చప్పుడైంది, మా ఊరికి లారీ రెండు వారాలకోసారి వచ్చేది, పట్నానికి పని మనుషుల్ని అదే తీసుకుపోయేది. అమ్మా అన్నాను, మళ్ళీ అమ్మా అన్నాను. నేను దుప్పటి కేసి పాకాను. అమ్మమ్మ నా మడమ పట్టుకుంది. ఒంటి మీద చెమటతో గాలిలోకి వెళ్తే నోరు వంకర పోతుంది, కన్ను పడిపోతుంది, ఇక జన్మలో సరిగ్గా రాదు అంది. అది నిజమే అని నాకు తెలుసు, మా ఊళ్ళో అందరికీ తెలుసు, వేడిలోంచి గాలిలోకి పోయినవాళ్ళ మూతుల్ని నేను చూశాను. నేను ఆగిపోయాను. లారీ కదిలింది. పదహారు మలుపులు కిందికి, ప్రతి మలుపులోనూ దాని చప్పుడు తగ్గి మళ్ళీ పెరుగుతుంది, అన్ని మలుపుల్లోనూ పరిగెత్తితే ఇంకా అందుకోవచ్చు, నేను లోపలే ఉన్నాను, చెల్లెల్ని పట్టుకుని. నేను మాట విన్నాను. నా బతుకులో నేను చేసిన తప్పు అదొక్కటే అనుకుంటాను, మాట వినడం.

ఆ తరవాత అమ్మమ్మ, అమ్మ గురించి చెడ్డగా ఒక్క మాట అనలేదు, ఒక్కటి తప్ప. వెళ్ళిపోయిందని అనలేదు. మాకు రెండేళ్ళు డబ్బూ బట్టలూ పంపి మానేసిందని అనలేదు. చెమట ఆరకముందే వెళ్ళింది అంది. మా ఊళ్ళో స్నానం చేయించినవాళ్ళు పక్కనే కూర్చోవాలి. చేయించుకున్నవాళ్ళని దుప్పట్లో చుట్టి పడుకోబెట్టి, ఆ చెమట పూర్తిగా ఆరేదాకా, అరగంట కానీ గంట కానీ, చేయించిన మనిషే పక్కన కూర్చోవాలి, లేవకూడదు, ఇంకొకళ్ళని కూర్చోబెట్టకూడదు. ఎందుకూ అంటే మనిషి ఇంకా తనలోకి తను తిరిగి రాలేదు కనక. ఇక్కడ ప్యూబ్లా నగరంలో, మూడో అంతస్తులో, నైలాను గుడారంలో కూడా జెనైదా అది మానలేదు. కూత పెట్టగానే నన్ను తీసి, మంచం మీద చుట్టి, పక్కనే కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తుంది. మధ్యమధ్య నా మెడ వెనకాల చెయ్యి పెట్టి చూస్తుంది. ఇంకా తడే, పడుకో. ఇవాళ ఎవరు పెడతారు చెయ్యి, చోలేనా.

కింద మోటారు చప్పుడు. గ్యాసు బండివాడేమో. గ్యాసు బండివాడైతే అరుస్తాడు, ఆ సాగదీసిన కేక నాలుగు వీధుల అవతలికి వినపడుతుంది. కేక లేదు. పక్కకి జారే తలుపు చప్పుడు, ఇనుము మీద ఇనుము, తెల్ల వ్యానుదే. పదకొండూ పద్దెనిమిది. వాళ్ళు మూడులోగా కొండ దాటాలి, వావుచినాంగో దగ్గర మధ్యాహ్నం దాటితే పొగమంచు దిగుతుంది, ముందు బండి వెనక దీపం కూడా కనపడదు, పోయినవారం రొయ్యలు తింటూ ఆయనే చెప్పాడు, నేను విన్నాను, అప్పుడే ఎందుకు చెబుతున్నాడో అనుకున్నాను. అంటే పోయినవారమే అనుకున్నారు. అంటే మొన్న నాకు గోళ్ళు తీసినప్పుడు దానికి తెలుసు. నిన్న పాత దుప్పటి అంచు కుట్టినప్పుడు తెలుసు. సూదిలో దారం నేను ఎక్కించి ఇచ్చాను.

నాకు వీడ్కోళ్ళు రావు. అందరికీ అదొకటి సహజంగా వస్తుంది, చెయ్యి ఊపుతారు, ముద్దు పెట్టుకుంటారు, ఇంటికొచ్చి అన్నం తింటారు. మా ఆయన అవురేలియో ఆసుపత్రిలో ఉన్నప్పుడు పధ్నాలుగు రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు నేను, కదిలితే పోతాడని. పదిహేనో రోజు ఆయనే అన్నాడు, వెళ్ళి కాఫీ తాగిరావే, నీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది. వెళ్ళాను. కాఫీ చాలా వేడిగా ఉంది, చల్లారేదాకా ఆగాను, తిరిగొచ్చేసరికి పోయాడు. అది చల్లారేదాకా ఆగినన్ని నిమిషాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. ఆ తరవాతే జెనైదా నా దగ్గరికొచ్చి ఉంది, పంతొమ్మిదేళ్ళు. మధ్యలో ఒకసారి, పన్నెండేళ్ళ కింద, అత్లిస్కోలో కన్యాస్త్రీల బడిలో వంట పని వచ్చింది దానికి, గది ఇస్తామన్నారు, కిటికీలోంచి పూలతోటలు కనిపించే గది, అది ఎంత సంబరపడిందో. పెట్టె సర్దుకుంది, అదే నీలం పెట్టె. వెళ్ళే రోజు పొద్దున్న నా ముక్కులోంచి రక్తం కారింది. రెండువందల పది ఉంది బీపీ. పెట్టె తిరిగి బీరువా ఎక్కింది. మేము ఆ సంగతి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రక్తం నిజమే, బీపీ కూడా నిజమే. కానీ అంతకు ముందు నాలుగు రోజులు నేను మాత్రలు వేసుకోలేదు. నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, అది అటు తిరగ్గానే ఉమ్మేశాను. ఎవరికీ తెలియదు. పాదిరీగారికి కూడా చెప్పలేదు, ఆయన జెనైదాని క్షమాపణ అడగమంటాడని.

నా ఒళ్ళో రిమోటు ఉంది. వేలికి తగులుతోంది. వేడి అయిదులో పెట్టింది జెనైదా, నాకెప్పుడూ అయిదే. తొమ్మిదిదాకా ఉంది. తొమ్మిదిలో పెట్టి, ఒక పది నిమిషాలు, తల పక్కకి వాల్చేస్తే చాలు. నిజంగా స్పృహ తప్పక్కర్లేదు. చోలే చూస్తుంది, చోలే అరుస్తుంది, అది అరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది, వ్యాను ఇంకా కిందే ఉంది, జెనైదా మెట్లెక్కి పరిగెత్తుకొస్తుంది, అక్కా అక్కా అని. పెట్టె మళ్ళీ బీరువా మీదికి. ఆ నలుచదరం మీద పెట్టె మళ్ళీ కూర్చుంటుంది. ఈసారి ఎవరికీ అనుమానం రాదు, డెబ్భై నాలుగేళ్ళ ముసలిది ఆవిరికి సొమ్మసిల్లింది, ఇందులో వింతేముంది. నా వేలు నొక్కుతోంది. నేను నొక్కడం లేదు, వేలు నొక్కుతోంది. ఆరు. మిషను చిన్నగా కీచుమంటుంది ఒక్కో అంకెకి. ఏడు. వంటింట్లో చోలే ఏదో పాట కూనిరాగం తీస్తోంది, వినలేదు. ఎనిమిది. తొమ్మిది. కుండలో నీళ్ళు ఒక్కసారి గుడగుడమని లేచాయి, వేడి నా తొడల మీదుగా పొట్టకీ, పొట్ట మీదుగా గొంతుకీ వచ్చి జిప్పు సందులోంచి మొహానికి కొట్టింది. గుండె చెవుల్లో ఉంది ఇప్పుడు. కళ్ళ ముందు గడియారం అంకెలు తేలుతున్నాయి. పదకొండూ ఇరవై ఒకటి. ఇంకొంచెం. తల వాల్చాలి. వాల్చు ఓతిలియా. అమ్మమ్మ నా మడమ పట్టుకుంది అప్పుడు. ఇప్పుడు నేను జెనైదా మడమ పట్టుకుంటున్నాను, లోపల కూర్చునే, చేతులు కనపడకుండా. నా చెయ్యి ఎంత పొడుగు సాగింది. మూడంతస్తులు దిగి వ్యానుదాకా పోతోంది.

ఎర్ర మీట నొక్కాను. గుడగుడ ఆగింది. నిశ్శబ్దం ఎంత పెద్దగా ఉందంటే చోలే పాట ఆపేసింది.

జిప్పు లోపలినుంచి తియ్యొచ్చు, పుస్తకంలో ఆరో మాట, కానీ నేనెప్పుడూ తియ్యలేదు, ఎప్పుడూ జెనైదాయే తీసేది. గోరు పట్టదు. చెమట వేళ్ళు జారిపోతున్నాయి. చెయ్యి పెట్టే చిన్న కంతలోంచి చేతిని మోచేతిదాకా బయటికి తోసి, బయటినుంచి కిందికి లాగాను, సగంలో చిక్కుకుంది, ఆ సగంలోంచే వచ్చాను, దూడ వచ్చినట్టు, గుడారం నాతో పాటు రెండడుగులు వచ్చి పడిపోయింది.

"ఓరి దేవుడా, ఎక్కడికి?" అంది చోలే. గరిటె చేతిలోనే ఉంది.

"కిందికి."

"ఒళ్ళంతా చెమట. మెట్ల మీద ఈడ్చి కొడుతోంది గాలి. మూతి వంకర పోతుంది ఓతిలియా, నిన్ను పట్టుకోమని నాకు మరీ మరీ చెప్పింది జెనా."

"డెబ్భై నాలుగేళ్ళ మూతి. ఇంక ఎటు పోయినా ఎవరు చూడొచ్చారు. ఆ దుప్పటి ఇలా ఇవ్వు."

ఇవ్వలేదు, తనే కప్పింది, తల మీదినుంచి, మొహం మాత్రం వదిలి, బిడ్డని చుట్టినట్టు, గొణుగుతూ, నాకేమీ సంబంధం లేదు, నేను చెప్పాను, నువ్వు విన్లేదు, రేపు నన్నంటే ఊరుకోను. తలుపు తీశాను. గాలి. చెంపల మీద తడి ఒక్కసారి చల్లబడింది, పెదవి కుడిమూల లాగినట్టయింది, ఇదే, వచ్చేసింది అనుకున్నాను, చేత్తో తడిమి చూసుకున్నాను, పెదవి పెదవి చోటే ఉంది. అరవై అయిదేళ్ళు ఈ గాలికి భయపడ్డాను. కటకటాలు పట్టుకుని దిగాను. ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ పెట్టాలి. పక్కటెముకల్లో గుండె. ఇరవై రెండు మెట్లు, మలుపు, ఇరవై రెండు. వ్యాను మోటారు ఇంకా ఆడుతోంది, ఆడు, ఇంకాస్సేపు ఆడు. రెండో అంతస్తు మలుపు తిరిగేసరికి ఎవరో మెట్ల మీద కూర్చుని ఉన్నారు, నాకు వీపు పెట్టి. బూడిదరంగు శాలువా. పక్కన నీలం పెట్టె.

"ఎన్నిసార్లు దిగావు?" అన్నాను.

జెనైదా వెనక్కి తిరిగి నన్ను చూసింది. మొహమంతా ఏడ్చిన మొహం. "మూడు," అంది. "మూడుసార్లు కిందికి దిగాను, మూడుసార్లు ఇక్కడిదాకా ఎక్కాను. ఆయన మెట్ల కింద నిలబడి లెక్కపెడుతున్నాడు." వెంటనే కోపం తెచ్చుకుంది. "బుద్ధుందా అక్కా నీకు? ఇలా వస్తారా? సగం ఉడికిన మనిషివి. కూర్చో. ముందు కూర్చో."

కూర్చున్నాను, దాని పక్కన, అదే మెట్టు మీద. సిమెంటు చల్లగా ఉంది. దుప్పటి కొస లాగి నా పాదాల మీద కప్పింది. పాదాలకి చెప్పుల్లేవని నేను అప్పుడే చూసుకున్నాను.

"చెప్పకుండా పోదామనే అనుకున్నావు," అన్నాను.

"అనుకున్నాను."

"ఆవిరి రోజు కాని రోజు నన్ను అందులో కూర్చోబెట్టి."

"ఇంకెలా పోను చెప్పు. చెబితే నువ్వు పోనిస్తావా. పోనిస్తావు, నోటితో. తరవాత నీకు ఏదో ఒకటి అవుతుంది."

ఏదో ఒకటి అవుతుంది. నేను దాని చేతుల్ని చూశాను, ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ, ఎప్పటిదో నాకు తెలుసు, దాని ఒంటి మీద మచ్చలన్నీ ఎప్పటివో నాకు తెలుసు, ఇక మీద వచ్చేవి తెలియవు. చెప్పకూడదు అనుకున్నాను, చెప్పేశాను. "అత్లిస్కో అప్పుడు, నేను మాత్రలు వేసుకోలేదు. నాలుగు రోజులు."

"తెలుసు," అంది.

"ఎలా?"

"చెత్తబుట్టలో చూశాను. తడిసి కరిగి, కాగితానికి అంటుకుని."

"మరి ఎందుకు ఆగిపోయావు?"

జెనైదా ముక్కు చీదింది శాలువాతో. "ఒక మనిషి అంత భయపడుతుంటే ఎలా పోతానక్కా. అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేను. నాకు అరవై ఏడు. ఆయన ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే సముద్రం కనపడుతుందట. చూడాలనుంది."

కింద హారను చిన్నగా ఒకసారి మోగింది. ఎవరో పొరపాటున తగిలించినట్టు, మర్యాదగా. మెట్ల సందులోంచి దొన్ ఫిదెన్సియో గొంతు వచ్చింది. "తొందరేం లేదండీ. పొగమంచు గురించి నేను కొంచెం ఎక్కువ చేసి చెప్పాను."

"ఎక్కువేం చెప్పలేదు," అంది జెనైదా నాతో, గొంతు తగ్గించి. "నిజంగానే ఏమీ కనపడదు అక్కడ. ఆయనకి కుడికన్ను చూపు మందం."

అలా అని లేవలేదు. సర్దుకుని ఇంకొంచెం దగ్గరగా కూర్చుంది, మోకాలు నా మోకాలికి ఆనించి. నాకు ముందు అర్థం కాలేదు, తరవాత అర్థమైంది. ఇవాళ స్నానం చేయించింది తనే. నా చెమట ఆరేదాకా తను కూర్చోవాలి. చోలేని పెట్టి పోవడం వేరు, చూడకుండా పోవడం వేరు, ఇప్పుడు నేను దాని పక్కన తడి ఒంటితో కూర్చుని ఉన్నాను, ఇక ఎలా లేస్తుంది. తొమ్మిదిలో పెట్టిన ఒళ్ళు ఇది. గంట పడుతుంది, గంటన్నర పడుతుంది. నేను ఆపడానికి రాలేదు. ఆపకుండా ఉండటానికి వచ్చాను. వచ్చి కూర్చుని ఆపేశాను, మళ్ళీ. వీపు మధ్యలో చెమట ధారకట్టి నడుం దాకా దిగుతోంది, నాకు తెలుస్తూనే ఉంది, దుప్పటి లోపల తడికి రోజ్‌మేరీ వాసన. పదకొండున్నర దాటి ఉంటుంది. కొండ మీద మబ్బు కూడుతూ ఉంటుంది. జెనైదా ఎదురుగోడ చూస్తోంది, బఠాణీలు లేవు కనక చేతులు ఊరికే ఉన్నాయి.

"అమ్మ ఎలా ఉండేది అక్కా?" అంది. ఎప్పుడూ అడగలేదు.

"నీలాగే. పాదాలు ఈడ్చి నడిచేది."

"వెళ్ళేటప్పుడు వెనక్కి చూసిందా?"

"నేను లోపలున్నాను. నువ్వు నా ఒళ్ళో ఉన్నావు."

తలూపింది. నేను దుప్పటి ఇంకొంచెం బిగించుకున్నాను, మెడ దగ్గర, కనపడకుండా. "జెనా," అన్నాను, "ఆరిపోయింది. చెమట ఆరిపోయింది. ఇక లే."

జెనైదా నా మొహంలోకి చూసింది. తరవాత ఎప్పటిలాగే చెయ్యి దుప్పటి లోపలికి పోనిచ్చి, నా మెడ వెనకాల, జుట్టు మొదట్లో పెట్టింది. అక్కడ నీళ్ళు కారుతున్నాయి. దాని వేళ్ళ సందుల్లోకి దిగడం నాకే తెలిసింది. చెయ్యి తియ్యలేదు కాసేపు. కింద మోటారు ఆడుతోంది.

"అవునక్కా," అంది. "ఆరిపోయింది."

తడి చెయ్యి లంగాకి తుడుచుకుని, పెట్టె అందుకుంది.